నందికొండ నీడలో వైను ద్రాక్ష

కె.ఆర్.పురం స్టేషనులో దిగే తెలుగువారికి లెక్క లేదు. కుప్పం, బంగారుపేట వైపు నుండి వచ్చే బండ్లకు బెంగుళూరు నగరపు తూర్పు వాకిలి ఇదే. కూలికీ, కొలువుకూ, ఆసుపత్రికీ వచ్చినవారు ఇక్కడ దిగి నగరంలో కలసిపోతారు. అలా కాక ఔటర్ రింగు రోడ్డు పట్టి హెబ్బాళ, దేవనహళ్లి మీదుగా ఉత్తరానికి సాగితే సుమారు 60 కిలోమీటర్ల దూరంలో నందికొండ పాదం వస్తుంది. తెల్లవారుజామున కొండెక్కి, సూర్యోదయం చూచి, టిఫిను ముగించుకొని తిరిగి వచ్చేవారే ఎక్కువమంది. కొండ చుట్టూ ఉన్న ద్రాక్షతోటలను నిలబడి చూచేవారు తక్కువ. సరిహద్దు గ్రామాల రైతు కుటుంబాలు చూడవలసినవి మాత్రం ఆ తోటలే.

ఐరోపాలో వైనుకు పేరు మోసిన పాత ఊళ్లు కొన్ని కొండ మీదనే వెలిశాయి. ఇటలీలోని మోంతాల్చీనో అటువంటిది. శత్రుభయం వల్ల జనం కోటగోడల మధ్య ఎత్తున నివసించగా, వాలులలో తీగలు పెరిగాయి. నందికొండ మీద కూడా కోట ఉన్నది. 1791లో ఆంగ్లేయుల సేనలు దానిని టిప్పు సుల్తాను నుండి పట్టుకున్నాయి. అయితే ఇక్కడ ఊరూ, భోగనందీశ్వరాలయమూ, తోటలూ అన్నీ కొండ కిందనే ఉన్నాయి. హిందూపురం మీదుగా పారే పెన్న, కుప్పం మీదుగా పోయే పాలారు ఈ కొండల వరుసలోనే పుడతాయి కనుక, మన సీమవారికి ఇది పరాయి కొండ అనిపించదు.

శిఖరం ఎత్తు 1478 మీటర్లు. కింది మైదానం కూడా సముద్రమట్టానికి 900 మీటర్ల దరిదాపుల్లో ఉన్నది. హిందూపురం ఎత్తు 620 మీటర్లు మాత్రమే. వైను ద్రాక్షకు ఈ ఎత్తే ప్రాణం. పగటి ఎండకు పండులో చక్కెర చేరుతుంది. రాత్రి చల్లదనం పులుపును నిలుపుతుంది. రాత్రులు కూడా వేడిగా ఉండే చోట పులుపు త్వరగా తరిగిపోయి, రసం తియ్యగా ఉన్నప్పటికీ వైను చప్పబడుతుంది.

ఈ ప్రాంతంలో రెండు రకాల తోటలు కనబడతాయి. తలెత్తు పందిరి మీద తీగలు పరచుకొని, గుత్తులు కిందికి వేలాడుతూ ఉంటే అది చాలావరకు బెంగుళూరు బ్లూ అనే నల్లద్రాక్ష. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. వాతావరణం మృదువుగా ఉండడం వల్ల ఏడాదికి రెండు కాపులు వస్తాయి. పండు తినడానికీ, రసానికీ, జాముకూ, చవకరకం తీపి వైనుకూ పోతుంది. రెండవ రకం తోటలో పందిరి ఉండదు. నిలువు కంబాలకు తీగెలు లాగి, మొక్కలను బారులు తీర్చి కంచెలా పెంచుతారు. ఇవి ఫ్రెంచి రకాలు: కాబెర్నే సోవిన్యోన్, షిరాజ్, సోవిన్యోన్ బ్లాంక్ మొదలైనవి.

బెంగుళూరు బ్లూలో ఉన్నది అమెరికా జాతి రక్తం. దాని ఘాటైన వాసన మన పిల్లలకు ఇష్టమే గాని, వైను రుచి చూచేవారు దానిని మెచ్చరు. ఆ వర్గానికే చెందిన ఇసబెల్లా రకంతో వైను చేయడానికి ఐరోపా సమాఖ్య చట్టమే ఒప్పుకోదు. విచిత్రమేమంటే ఐరోపా తోటలను బ్రతికించినవి అమెరికా వేళ్లే. 1860 దశకంలో అమెరికా నుండి చేరిన ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు తీగల వేళ్లను తిని తోటలను ఎండగట్టగా, ఆ పురుగును తట్టుకొనే అమెరికా వేళ్ల మీద ఫ్రెంచి కొమ్మలను అంటుకట్టి కాపాడుకున్నారు. మన దేశంలో కూడా డాగ్‌రిడ్జ్ అనే అమెరికా జాతి వేరు మీద అంటుకట్టడం వాడుకలో ఉన్నది; నీటి ఎద్దడినీ, ఉప్పునీటినీ అది ఓర్చుకుంటుంది.

ఫ్రెంచి రకాలను ఇక్కడ పెద్దయెత్తున నాటినవారు కన్వల్ గ్రోవర్. దొడ్డబళ్లాపురం దగ్గర ఆయన సంస్థ 1988లో మొదలైంది. బోర్డో నిపుణుడు మిషెల్ రోలాఁ సలహాలు అందించారు. 2012లో నాసిక్ వైపు సంస్థ జాంపాతో కలసి అది గ్రోవర్ జాంపా అయినది. సందర్శకులకు రుసుముపై తోటనూ, కార్ఖానానూ చూపుతారు. ముందుగా ఫోను చేసి సమయం ఖాయం చేసుకోవడం మంచిది.

లోపల చూపే పని వినడానికి సులభమే. గుత్తులు కోసి, తొడిమలు తీసి, కాయలను చిదుపుతారు. తెల్ల వైనుకైతే రసం పిండి తొక్కను వెంటనే తీసివేస్తారు. ఎర్ర వైనుకు తొక్కతోనే పులియనిస్తారు, రంగూ వగరూ దాని నుండే వస్తాయి. ఈస్టు అనే సూక్ష్మజీవి చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. వేడి పెరిగితే ఈస్టు చచ్చిపోతుంది కనుక స్టీలు ట్యాంకులను చల్లబరుస్తూనే ఉండాలి. కొన్ని వైనులను ఓకు కొయ్య పీపాలలో నెలల తరబడి నిలువ ఉంచుతారు. మద్యం తాగనివారికి కూడా ఇది చక్కని రసాయనశాస్త్ర పాఠమే.

పందిరి తోట ఉన్న రైతు అక్కడ అడగవలసినది తూకం గురించి, చక్కెర గురించి. సంతలో కాయ ఎంత లావైతే అంత ధర. వైనుకు చిన్న కాయే మేలు, తొక్క పాలు ఎక్కువ కనుక. రసంలో చక్కెరను బ్రిక్స్ అనే కొలతతో చూస్తారు. 22 నుండి 24 వరకు రావాలని కోరతారు. అందుకోసం తీగకు గుత్తులు తగ్గించి పెంచాలి, అంటే దిగుబడిని రైతే చేతులారా తగ్గించుకోవాలి. అసలు చిక్కు మరొకటి ఉన్నది. బెంగుళూరు బ్లూను ఒకరు కొనకపోతే మరొకరికి, ఆఖరికి తోపుడుబండికైనా అమ్ముకోవచ్చును. చిట్టి కాయల, గింజల కాబెర్నేను బండిమీద ఎవరూ కొనరు. కొనే కార్ఖానాలు కొన్నే. కర్ణాటక 2007లో వైను విధానం తెచ్చి, వైను బోర్డును ఏర్పరచింది గాని, ఒప్పందం లేని రైతుకు ధర పూచీ ఎవరూ ఇవ్వరు. బ్రిక్స్ ఎవరు కొలుస్తారు, తక్కువ వస్తే ఎంత కోస్తారు, కోత తేదీ ఎవరు చెబుతారు, బండి కిరాయి ఎవరిది అన్నవి కాగితం మీద వ్రాయించుకోకుండా పందిరి పీకడం సాహసమే. 2020 లాక్‌డౌనులో చిక్కబళ్లాపురం ద్రాక్ష కొనేవారు లేక తోటల్లోనే పాడైన సంగతి ఈ ప్రాంతంవారు మరచిపోలేదు. ఆనాడు ఎన్ని రకాల బేరగాళ్లు ఉన్నా చాలలేదు. ఒక్కడే బేరగాడైతే చెప్పనక్కరలేదు.

నీటి విషయంలో మాత్రం వైను తోట తేలిక. కాయ పక్వానికి వచ్చేటప్పుడు నీరు తగ్గిస్తేనే రసం చిక్కనవుతుంది. జీవనది లేక, వెయ్యి అడుగులకు పైగా బోర్లు వేసే కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాలలో ఇది చిన్న మేలు కాదు. 2018 నుండి కోలారు చెరువులకు బెంగుళూరు శుద్ధజలం వస్తున్నా, అది భూగర్భాన్ని నింపడానికే ఉద్దేశించినది.

దారిలో దేవనహళ్లి వద్ద మరో మార్పు కనబడుతుంది. 2008లో విమానాశ్రయం తెరచినది మొదలు అక్కడి పొలాలు, చకోత తోటలు లేఅవుట్లుగా మారుతున్నాయి. ఒకప్పుడు హైదరాబాదు చుట్టూ అనాబెషాహి పందిళ్లు ఇలాగే ఇళ్ల స్థలాలైపోయాయి.

కుటుంబంతో వెళ్లేవారికి కోతకాలం, అనగా జనవరి నుండి మార్చి వరకు, అనుకూలం. కత్తిరింపు చూడాలంటే సెప్టెంబరు, అక్టోబరు. పిల్లలు ఉంటే దగ్గరలోని ముద్దేనహళ్లి కూడా చూపవచ్చును. గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం నుండి వలస వచ్చిన కుటుంబంలో విశ్వేశ్వరయ్య అక్కడే పుట్టారు, ఆయన సమాధి కూడా అక్కడే ఉన్నది.

తిరుగు ప్రయాణంలో సంచిలో సీసా ఉంటే ఒక్క జాగ్రత్త. రాజ్యాంగం ప్రకారం మద్యం రాష్ట్రాల అధికారంలోని విషయం. కర్ణాటకలో సుంకం చెల్లించి, రసీదుతో కొన్న సీసా అయినా బాగేపల్లి దాటగానే ఆంధ్ర ఎక్సైజు చట్టం కిందికి వస్తుంది; ఆంధ్ర సుంకం చెల్లించని సరుకుగా లెక్కలోకి రావచ్చును. ఎంత వరకు అనుమతి అన్నది ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతూ ఉంటుంది కనుక, బయలుదేరే ముందే స్వస్థలంలోని ఎక్సైజు స్టేషనులో అడిగి తెలుసుకోవాలి. ద్రాక్షపళ్ల బుట్టకు మాత్రం ఏ చెక్‌పోస్టులోనూ ఆటంకం లేదు.