మూడు సిలిండర్ల చిన్న ఇంజను – దాని కష్టసుఖాలు

— తృతీయ సంవత్సరం బి.యస్సి. (ఎం.పి.సి.)

మా ఇంట్లో ఒక పాత మారుతి 800 కారు వుంది. 1997 మోడలు. మిరపకు మంచి ధర పలికిన ఏడాది మా నాన్న దాన్ని మూడోచేతి మీద కొన్నాడు. ఊళ్ళో కొందరు దాన్ని "డబ్బా" అని వెక్కిరిస్తారు గాని, అర్ధరాత్రి ఎవరికైనా కడుపునొప్పి వస్తే తట్టేది మా తలుపే. ఆ డబ్బా దగ్గర నేను నేర్చుకున్న భౌతికశాస్త్రం తక్కువేమీ కాదు. ఐతే ఆ పాఠానికి ఫీజు కట్టింది నేను కాదు, మా నాన్న. అది ఎలా జరిగిందో చెప్పేముందు ఆ ఇంజను సంగతి కాస్త తెలుసుకోవాలి.

జపాను దేశపు సుజుకి కంపెనీ రూపొందించిన ఈ ఇంజను పేరు ఎఫ్8బి. మొదటి మారుతి 800 తాళాలను 1983 డిసెంబరు 14న ఆనాటి ప్రధాని ఇందిరాగాంధీ ఒక కొనుగోలుదారుకు అందజేశారు. 2014 జనవరిలో తయారీ ఆగిపోయేనాటికి పాతిక లక్షలకు పైగా కార్లు బయటికి వచ్చాయి. అందుకే నేటికీ మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇవి కనిపిస్తూనే వున్నాయి.

ఇంతకీ "800" అంటే ఏమిటి? లెక్క కడదాం. సిలిండరు వ్యాసం, అంటే బోరు 68.5 మిల్లీమీటర్లు. పిస్టను కిందికీ పైకీ నడిచే దూరం, అంటే స్ట్రోకు 72 మిల్లీమీటర్లు. ఇంటర్మీడియట్‌లో చదువుకున్న స్తూపం ఘనపరిమాణం సూత్రంలో ఇవి వేస్తే ఒక్కో సిలిండరుకు సుమారు 265 ఘన సెంటీమీటర్లు వస్తుంది. సిలిండర్లు మూడు కాబట్టి మొత్తం 796. దాన్నే గుండుగా 800 అన్నారు. అంటే మన మంచినీళ్ళ లీటరు సీసాలో పట్టే జాగా కంటే తక్కువ! ఆ కాస్త జాగాలోనే 37 నుంచి 40 హార్స్ పవర్ల దాకా (మోడలును బట్టి) శక్తి పుడుతుంది. మా పొలంలో బోరు మోటారు 5 హార్స్ పవర్లది. అలాంటివి ఏడు కలిపినంత బలం అన్నమాట.

ఇక్కడ నాకు మొదట్లో ఒక సందేహం వుండేది. ఇంచుమించు అంతే హార్స్ పవర్ వున్న ట్రాక్టరు నాగలి లాగుతుంది గదా, మా కారు ఎందుకు లాగలేదు? జవాబు చుట్లలో వుంది. శక్తి అంటే మెలితిప్పే బలాన్ని తిరిగే వేగంతో హెచ్చించగా వచ్చేది. మెలితిప్పే బలాన్నే టార్కు అంటారు. ఈ ఇంజను టార్కు ఎంత ఎక్కువగా చూసినా 59 న్యూటన్ మీటర్లు. నిమిషానికి 5000 చుట్లు తిరిగితే గాని దానికి 37 హార్స్ పవర్లు రావు. ట్రాక్టరు ఇంజను 2000 చుట్ల దగ్గరే ఆ శక్తి ఇస్తుంది. కాబట్టి దాని టార్కు రెండింతలకు మించి వుండి తీరాలి. ఎద్దు నెమ్మదిగా నడిచి బరువు లాగుతుంది. మా ఇంజను ఉడుత లాంటిది, ఎక్కువసార్లు పరుగెత్తి పని ముగిస్తుంది.

ఆ పరుగు ఎంతటిదో చూడండి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరులోను రెండు చుట్లకొకసారి పెట్రోలు మండుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే మూడు సిలిండర్లలో కలిపి సెకనుకు 75 సార్లు మంట. రెండు గంటల ప్రయాణంలో 5 లక్షల 40 వేల సార్లు!

మంట అంటే వేడి. ఇందులో మండే వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. కాని ఇంజను పైభాగాన వుండే హెడ్డు అల్యూమినియంతో చేసింది, అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. మరి హెడ్డు కరగకుండా ఎలా నిలుస్తున్నది? దాని చుట్టూ తిరిగే నీటివల్ల. సంపీడన నిష్పత్తి 8.7 కాబట్టి ఆటో చక్రం సూత్రం ప్రకారం ఇంజను సామర్థ్యం నూటికి 58 పాళ్ళు రావాలి. అది కాగితం మీద. నిజానికి పెట్రోలు శక్తిలో సుమారు నాలుగో వంతే చక్రాలను తిప్పడానికి పనికొస్తుంది. తక్కినది పొగ గొట్టం ద్వారా, రేడియేటరు ద్వారా గాలిలో కలిసిపోతుంది. రేడియేటరు ఆ పని మానేస్తే ఆ వేడి ఇంజనులోనే నిలిచిపోతుంది.

రేడియేటరు మూత కేవలం మూత కాదు. అది లోపలి నీటిని పీడనంలో వుంచుతుంది. మన ఇళ్ళలో ప్రెషర్ కుక్కరు మీది వెయిటు చేసే పని అదే. బయటి పీడనానికి మరో అట్మాస్ఫియరు తోడైతే నీరు 100 డిగ్రీల దగ్గర కాక 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఈ విషయం నేను మొదటి సంవత్సరం పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను.

ఇక అసలు సంగతి. రెండేళ్ళ క్రితం మే నెలలో మా చెల్లెలి ఎంట్రన్సు పరీక్షకు పల్నాటి నుంచి గుంటూరు బయలుదేరాం. నాన్న నడుపుతున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. సగం దారి దాటాక వేడి చూపే ముల్లు మెల్లగా పైకి లేచి ఎర్రగీత తాకింది. నేను చూశాను. "నాన్నా, ముల్లు పైకి పోయింది" అన్నాను. "పోతా వుంటే గాలికి చల్లారుద్దిలే" అన్నాడు. నాన్న చూపు వాచీ మీద వుంది. నేను మరి మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళుగా ఆయిల్ ఇంజన్లు నడిపిన మనిషికి నేను చెప్పేదేమిటి అనుకున్నాను.

ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయాక ఇంజను దడదడలాడి ఆగిపోయింది. వెనకాలే వచ్చిన బస్సు ఆపి చెల్లెల్ని ఎక్కించాం. అది సమయానికి చేరింది. మేమిద్దరం బానెట్ ఎత్తాం. నేను డిక్కీలో నీళ్ళ డబ్బా వెతుకుతున్నాను. ఇంతలో నాన్న తువ్వాలు చుట్టి మూత తిప్పాడు.

ఆ క్షణంలో లోపల ఏం జరిగిందో ఇప్పుడు లెక్క కట్టి చెప్పగలను. 120 డిగ్రీల నీటి మీద పీడనం ఒక్కసారిగా పోతే, నూటికి సుమారు నాలుగు పాళ్ళు అప్పటికప్పుడే ఆవిరవుతుంది. ఒక లీటరు నీటి నుంచి అరవై లీటర్ల పైచిలుకు ఆవిరి! అది తక్కిన నీటిని వెంటబెట్టుకుని ఎగజిమ్ముతుంది. నాన్న కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. దుక్కులు మొదలుపెట్టే అదనులో నెలరోజులు ఆ చేత్తో పార పట్టలేదు, ట్రాక్టరు ఎక్కలేదు. పరీక్షలో రాసిన ఆ వాక్యాన్ని నేను రోడ్డు మీద ఒక్కసారి నోటితో అనివుంటే చాలు.

తర్వాత మా మెకానిక్ బాబాయి హెడ్డు విప్పి, దాని మీద ఉక్కు బద్ద నిలబెట్టి, సందులోంచి వెలుతురు చూపించాడు. వేడెక్కిన అల్యూమినియం వ్యాకోచించాలని చూస్తుంది, బోల్టులు కదలనివ్వవు. దాంతో వంకర తిరుగుతుంది. వంకర తిరిగితే కింద గ్యాస్కెట్టు కాలి, నీళ్ళు సిలిండరులోకీ నూనెలోకీ దిగుతాయి. "ఇంజను తప్పేం లేదబ్బాయ్. మీరు పోసిన బోరు నీళ్ళదే తప్పు" అన్నాడు బాబాయి. రేడియేటరు గొట్టాలు చూస్తే మా ఇంట్లో కాగు అడుగున పట్టే తెల్లటి ఉప్పే వాటిలోనూ పేరుకుని వుంది. కఠినజలం పాఠం కూడా నేను చదివిందే! పైగా కరెంటు ఫ్యాను వైరు ఊడిపోయి ఎన్నాళ్ళయిందో మేమెవరం చూడలేదు. హెడ్డు ఫేసింగ్ పట్టించి, కొత్త గ్యాస్కెట్టు వేసి, కూలంటు పోశాక బండి మళ్ళీ నడిచింది.

ఈ ఇంజనుకు సాధారణంగా వచ్చే మరికొన్ని ఇబ్బందులు కూడా చెబుతాను. పాత మోడళ్ళలో కార్బురేటరు వుంటుంది. పెట్రోలులోని నలక దాని సన్నటి జెట్లలో ఇరుక్కుంటే బండి స్టార్టు కాదు, కుదుపులతో నడుస్తుంది. 2000 ప్రాంతంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక ఈ బెడద తగ్గింది. పొలం దారుల దుమ్ము ఎయిర్ ఫిల్టరును మూసేస్తుంది. వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు రబ్బరుది. అది చెప్పి తెగదు, కాబట్టి కిలోమీటర్లు లెక్కపెట్టుకుని ముందే మార్చాలి. మూడు సిలిండర్ల ఇంజనుకు ఊగే గుణం సహజం. ఆ ఊపును రబ్బరు మౌంటింగులు మింగుతాయి, అవి అరిగితే గేరు రాడ్డు చేతిలోనే వణుకుతుంది.

జ్వరం వచ్చినవాడి నాలుక చూసినట్టు స్పార్కు ప్లగ్గును చూడాలి. లేత గోధుమరంగు ఆరోగ్యం. పొడి మసి పట్టివుంటే పెట్రోలు ఎక్కువవుతున్నది. నూనెతో తడిసివుంటే రింగులో, వాల్వు సీళ్ళో అరిగాయి. పొగ కూడా మాట్లాడుతుంది. నీలిపొగ వస్తే నూనె మండుతున్నట్టు. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, రేడియేటరులో నీళ్ళు తరుగుతుంటే, నూనె పాలు కలిపిన కాఫీలా మారితే గ్యాస్కెట్టు పోయినట్టు అనుమానించాలి.

మిత్రులారా! మీ ఇళ్ళలో కూడా ఇలాంటి పాత బండి ఒకటి వుండవచ్చు. ముల్లు ఎర్రగీత తాకితే బండి పక్కకు తీసి ఇంజను ఆపండి. ఎంత తొందరైనా అరగంట ఆగండి. పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారే వరకు మూత జోలికి పోవద్దు, ఎవర్నీ పోనివ్వొద్దు. సెగలెక్కిన ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్ళు పోయవద్దు.

నాన్న చెయ్యి మానింది. మచ్చ మాత్రం వుంది. ఇప్పుడు బండి తీసేముందు నన్ను పిలుస్తాడు. "ఒరే, నీళ్ళు చూశావా? ముల్లు చూస్తా వుండు, చెబుతా వుండు" అంటాడు. చూస్తాను, గట్టిగానే చెబుతాను.