స్విమ్మింగ్ పూల్ వాల్వు: ముందు మోటారు ఆపండి

విజయవాడ చుట్టూ కానూరు, పోరంకి వైపు, అటు తాడేపల్లి వైపు లేచిన పెద్ద అపార్ట్‌మెంట్లలో ఈతకొలను ఇప్పుడు వింతేమీ కాదు. దాని బాగోగులు మాత్రం చాలాచోట్ల వాచ్‌మన్ నెత్తినే పడతాయి. పంపు గదిలో ఇసుక నింపిన ట్యాంకు, దానికో పిడి ఉన్న వాల్వు, పిడి చుట్టూ ఆరు ఇంగ్లీషు మాటలు. వాటి అర్థం అతనికి ఎవరూ చెప్పరు. పాడైతే తిట్లు మాత్రం అతనికే.

పిడి రోజూ ఉండాల్సిన చోటు ‘ఫిల్టర్’. కొలను నీళ్లు పైనుంచి ఇసుకలోకి దిగి, మురికిని అక్కడే వదిలి, అడుగున సన్నని చీలికలున్న గొట్టాల గుండా తేటగా వెనక్కి వస్తాయి. ‘బ్యాక్‌వాష్’లో దారి తిరగబడుతుంది: నీళ్లు కిందినుంచి తన్నుకొచ్చి, ఇసుకను పొంగించి, మురికిని డ్రెయిన్‌లోకి తోస్తాయి. ఆ తర్వాత అర నిమిషమో నిమిషమో ‘రిన్స్’ పెట్టాలి. అది మానేస్తే పైపుల్లో మిగిలిన మురికి మళ్లీ కొలనులోకే వస్తుంది. ‘క్లోజ్డ్’లో ఉండగా మోటారు అసలు వెయ్యకూడదు.

ఇంతకీ అసలు నియమం ఒక్కటే. మోటారు ఆపకుండా పిడి తిప్పకూడదు. వాల్వు లోపల బండిచక్రం ఆకుల్లా పరుచుకున్న రబ్బరు గాస్కెట్ ఉంటుంది. నీటి ఒత్తిడి మీద తిప్పితే అది లేచిపోతుంది, లేదా చిరుగుతుంది. ఒక్కోసారి వాల్వే పగులుతుంది. కరెంటు పోయింది కదా, మోటారు ఆగే ఉంది కదా అని తిప్పడం మరీ ప్రమాదం. పిడి సగంలో ఉండగా జనరేటర్ అందుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. స్విచ్ మీ చేత్తో మీరే ఆపాలి.

బ్యాక్‌వాష్ ఎప్పుడు చెయ్యాలో ప్రెషర్ గేజే చెబుతుంది. ఇసుక శుభ్రంగా ఉన్నప్పటి అంకె గోడమీద రాసిపెట్టుకోండి. ముల్లు దానికంటే 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగితే రెండు మూడు నిమిషాలు కడిగితే చాలు. వాల్వు పక్కనుండే గాజు గొట్టంలో నీరు తేటపడగానే ఆపెయ్యొచ్చు. రోజూ కడిగేవాళ్లున్నారు. అది శుభ్రత కాదు, నీళ్ల దుబారా. పైగా ఇసుకలో కొద్దిగా మురికి ఉన్నప్పుడే సన్నటి నలక బాగా పట్టుబడుతుంది.

కృష్ణా డెల్టాలో నీళ్ల సంగతి వేరే చెప్పాలి. బోరునీటిలో ఇనుము ఉంటే క్లోరిన్ వెయ్యగానే కొలను గోధుమరంగుకు తిరుగుతుంది. నీటి కాఠిన్యం ఎక్కువైతే ఇసుక గడ్డకడుతుంది. అప్పుడు నీళ్లు గడ్డల పక్కనుంచి దారి చేసుకుని వడపోత లేకుండానే జారిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినట్టు వరద వచ్చి కొలనులో బురద చేరిందా, ‘ఫిల్టర్’ మీద నడపకండి. పటిక కలిపి, ఇసుక జోలికి పోని ‘రీసర్క్యులేట్’లో కాసేపు తిప్పి, మోటారు ఆపి రాత్రంతా వదిలెయ్యాలి. పల్లెల్లో చిల్లగింజ అరగదీసి చెరువునీరు తేర్చుకున్నదీ ఈ పద్ధతిలోనే. తెల్లారాక అడుగున పేరిన బురదను ‘వేస్ట్’లో పెట్టి పీల్చేస్తే ఇసుకను తాకకుండా బయటికి పోతుంది. తగ్గిన నీళ్లు మళ్లీ నింపుకోవాలి.

కడిగిన నీటిలో క్లోరిన్ ఉంటుంది. దాన్ని మొక్కలకు పెట్టొద్దు, బందరు కాలువలోకో రైవస్ కాలువలోకో వదలొద్దు.

‘ఫిల్టర్’లో ఉన్నా డ్రెయిన్ పైపులోంచి నీరు కారుతూ ఉంటే గాస్కెట్ పోయినట్టే, మార్చాలి. పిడి బిగుసుకుంటే సుత్తి తియ్యకండి. మూత విప్పి రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు రాయించండి. బండికి వాడే గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. కొలను అడుగున ఇసుక కనిపిస్తే మాత్రం ట్యాంకు లోపలి చీలికల గొట్టం విరిగి ఉండొచ్చు. అది వాచ్‌మన్ పని కాదు, మెకానిక్‌ను పిలవండి.