కళింగపట్నం ఇసుకలో ఎర్ర రేణువులు ఎందుకు?

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం తీరంలో గుప్పెడు ఇసుక తీసి ఎండలో చూడండి. తెల్ల రేణువుల మధ్య ఎర్రగా మెరిసేవి గార్నెట్లు. నల్లనివి ఎక్కువగా ఇల్మనైట్.

ఎక్కడివివి? తూర్పు కనుమల్లో ఖొండలైట్ అనే శిల ఉంది. ఇక్కడి కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరిట 1902లో భూవిజ్ఞాని టి.ఎల్. వాకర్ దానికా పేరు పెట్టాడు. కోట్ల ఏళ్ల కిందటి బురద భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ మారిపోయి ఈ శిల అయింది. గార్నెట్ స్ఫటికాలు అందులోనే పుట్టాయి. ఎండావానలకు కొండ చివికితే వంశధార, నాగావళి నదులు ఆ రేణువుల్ని సముద్రానికి మోసుకొస్తాయి.

ఒకేచోట ఎందుకు పోగుపడతాయి? గార్నెట్ నీటికన్నా సుమారు 4 రెట్లు బరువు, మామూలు ఇసుకలోని క్వార్ట్జ్ 2.65 రెట్లే. చేటలో చెరిగితే పొట్టు పోయి గింజ మిగిలినట్టు, అల తేలికవాటిని లాక్కుపోతుంది.

ఎరుపు ఇనుము వల్ల. వింతేమిటంటే పెరిడాట్ అనే రత్నాన్ని ఆకుపచ్చగా చేసేదీ ఇనుమే! పెరిడాట్‌లో ఇనుము చుట్టూ ఆరు ఆక్సిజన్ పరమాణువులుంటాయి, గార్నెట్‌లో ఎనిమిది. ఆ అమరికతో రంగే మారిపోతుంది. పెరిడాట్ ఎక్కువగా భూమి పైపొరకు కింద ఉండే మాంటిల్‌లో పుట్టి, అగ్నిపర్వతాల లావాతో పైకొస్తుంది. మన తీరంలో దానికోసం వెతకడం దండగ.

ఈ గార్నెట్ రేణువులు ఉంగరాలకు చాలవు. గట్టివి కాబట్టి గరుకు కాగితాల్లో, నీటిధారతో లోహాన్ని కోసే యంత్రాల్లో వాడతారు.