తోటమాలి తడిసిన చిత్రము

ఆడుపిల్ల పకపక నవ్వినచో, నవ్వు నాలుగు విధముల చేటని పెద్దలు మందలింతురు. భరతముని హాస్యమును ఆరు తెఱగులుగ విభజించి, పలువరుస కానరాని స్మితమును ఉత్తములకును, ప్రక్కలు పట్టుకొని కన్నీరు కార్చుచు నవ్వు అతిహసితమును అధములకును కేటాయించెను. ఈ లెక్కను చలనచిత్రములలోని తొలి హాస్యము మనలనందఱను అధముల పంక్తిలో కూర్చుండబెట్టినది!

1895 డిసెంబరు 28వ తేదీని పారిసు నగరమున లూమియేరు సోదరులు రుసుము గైకొని ప్రజలకు చూపిన పది చిత్రములలో అది యొకటి. నిడివి నిమిషమైనను లేదు. మాట లేదు. తోటమాలి గొట్టముతో నీరు చల్లుచుండును. కొంటెకుఱ్ఱడొకడు వెనుకగా వచ్చి గొట్టమును కాలితో అదిమిపట్టును. నీరు నిలిచిపోవును. ఏమాయెనాయని మాలి గొట్టపుమూతిని ముఖమునకెత్తి చూచును. కుఱ్ఱడు కాలు తీయును. ఇంకేమున్నది! ముఖము తడిసి టోపీ యెగిరిపోవును. మాలి వానిని తరిమి పట్టును. చిత్రయంత్రము కదలునది కాదు; కావున దొరికినవానిని దాని యెదుటికే ఈడ్చుకొనివచ్చి నాలుగు తగిలించును.

రానున్నది మాలికి తెలియదు, మనకు తెలియును. నవ్వంతయు ఆ నడిమి క్షణముననే యున్నది. తోలుబొమ్మలాటలో కేతిగాడు తన్నులు తినునపుడు పిల్లలు ముందుగనే నవ్వుటయు నిందువలననే. నల్లగొండ, మహబూబ్‌నగరు సీమలవారము, బిందెడు నీరు ఒలికినను మాకు ప్రాణము చివుక్కుమనును. ఈ చిత్రము చూచునప్పుడు మాత్రము ఆ చింతయే తోచదు.

మూగచిత్రముల హాస్యము మనకు చేరువగా హైదరాబాదునకును వచ్చినది. 1921లో కలకత్తాలో ‘ఇంగ్లండు రిటర్న్‌డ్’ అను ప్రహసనచిత్రమున నటించిన ధీరేంద్రనాథ గంగూలీ, 1922లో నిజాము ఆదరమున ఇచట లోటస్ ఫిలిం కంపెనీని నెలకొల్పెను. ‘లేడీ టీచర్’, ‘మ్యారేజి టానిక్’ అచటివే. ఉపాధ్యాయిని యన్నంతనే నవ్వవలయునా యని బడిపంతులుగారి ఇల్లాలమగు మాకు కొంత రోషము కలిగినమాట నిజము. గంగూలీకి ముప్పు హాస్యమువలన రాలేదు. 1924లో ఢిల్లీనేలిన రజియా ప్రేమకథను, బొంబాయివారి ‘రజియా బేగం’ను, తన శాలలో ప్రదర్శింపగా నిజాము ఆగ్రహించి రాజ్యము వీడిపొమ్మని ఆజ్ఞాపించెను. కంపెనీ అంతటితో ముగిసెను. 1975లో భారతప్రభుత్వము ఆయనకు దాదాసాహెబు ఫాల్కే పురస్కారము నొసగినది. హైదరాబాదులో తీసిన ఆ చిత్రములు నేడు చూడ దొరకవు.

తోటమాలి చిత్రము దొరకును, చేతిఫోనులో సైతము. అక్షరము రాని అవ్వకును, మాటలు రాని పాపకును ఒక్కసారిగ చూపవచ్చును.