సాలార్‌జంగ్‌లో గడియారం ఒక్కటే చూసి రాకండి

జహీరాబాద్: పట్నం పోయి సాలార్‌జంగ్ మ్యూజియం చూసి వచ్చినవారిని ఏం చూశారని అడిగితే, ఎక్కువమంది ముందుగా చెప్పేది గడియారం సంగతే. గంట కాబోయే ముందు గడ్డం మనిషి బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికి వస్తుంది. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. ఇంకొక కమ్మరి బొమ్మ మాత్రం సెకనుకొక దెబ్బ చొప్పున సమ్మెట వేస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు దెబ్బలు చూడడానికి జనం గుంపులుగా చేరతారు. అది చూడదగిన వింతే, కాదనలేము. కాని ఆ దెబ్బలు కాగానే పిల్లాపాపలతో చార్మినార్ దారి పట్టేవారు అసలు మ్యూజియం చూడనట్టే లెక్క.

ఈ మ్యూజియంలో రాతి విగ్రహాలు, పాత గ్రంథాలు లేకపోలేదు. అయితే పెద్ద భాగం మాత్రం మనుషులు ఇంట్లో వాడుకున్న సామానే. కుర్చీలు, దీపాలు, గిన్నెలు, హుక్కాలు, పాన్‌దాన్‌లు, కత్తులు, తివాచీలు, బట్టలు, చదరంగం పావులు. నిత్యం వాడుకునే వస్తువును పనివాడు ఎంత అందంగా చేయగలడో చూపే చోటు ఇది. కాబట్టి చేతిపని తెలిసిన పల్లెటూరివారికి ఇక్కడ పట్నంవారికన్నా ఎక్కువే అర్థమవుతుంది.

ఒక్కరి సేకరణ

నలభై వేలకు పైగా ఉన్న ఈ కళావస్తువుల్లో చాలా భాగం ఒకే ఒక్క మనిషి కూడబెట్టినవి. ఆయన మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1889లో జన్మించారు. 1912 నుంచి 1914 వరకు ఏడవ నిజాం వద్ద ప్రధానిగా పనిచేశారు. పదవి విడిచిన తరువాత వస్తువులు సేకరించడమే ఆయన వ్యాపకమైంది. తాతగారైన మొదటి సాలార్‌జంగ్ కొన్నవి కూడా ఇందులో కలిసే ఉన్నాయి. అందరూ చెప్పుకునే మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహం, ఆ తాతగారు 1876లో రోమ్ నగరంలో కొన్నదే. ముసుగూ రాయే, ముఖమూ రాయే. అయినా పల్చని బట్ట వెనుక నుంచి ముఖం కనబడుతున్నట్టే ఉంటుంది.

మూడవ సాలార్‌జంగ్ పెళ్ళి చేసుకోలేదు. 1949 మార్చిలో ఆయన కన్నుమూసేనాటికి ఈ సొత్తుకు నేరుగా వారసుడు లేడు. బంధువులు తలా ఇంత పంచుకుని ఉంటే అన్నీ చెల్లాచెదరై ఉండేవి. ఆనాటి హైదరాబాదు ముఖ్యమంత్రి ఎం.కె. వెల్లోడి వీటిని ఒకచోట భద్రపరచాలని పూనుకున్నారు. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ వస్తువులను వరుసగా అమర్చే పని చూశారు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దివాన్ దేవిడీలో మ్యూజియాన్ని ప్రారంభించారు. తరువాత వారసులు కూడా రాజీకి వచ్చి సేకరణను దేశానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మారింది.

మన పొరుగువారి పని

మన ప్రాంతంవారు తప్పకుండా చూడవలసినవి బీదరు సామాను, అంటే బిద్రీ. 1956 వరకు జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు బీదరు జిల్లాలోనివే. రాష్ట్రాలు విడిపోయినప్పుడు బీదరు అటు పోయింది, మనం ఇటు వచ్చాము. కాబట్టి ఆ నల్లని హుక్కాలు, కూజాలు మనకు పరాయివి కావు.

నల్లని లోహం మీద వెండి పూలు, తీగలు మెరుస్తుంటాయి. ఆ నలుపు రంగు పూసినది కాదు. ముందుగా తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి కరిగించి, ఇసుక అచ్చులో పోతపోస్తారు. పోత చల్లారాక ఆకురాయితో నునుపు చేస్తారు. గీత స్పష్టంగా కనబడడానికి మైలుతుత్తం నీళ్ళు పట్టిస్తారు. ఆ మీద కాగితమూ అచ్చూ లేకుండా, ఉక్కు మొనతో చేతితోనే నగిషీ గీస్తారు. గీసిన చోట చిన్న ఉలితో చెక్కి, ఆ గాడిలో వెండి తీగనుగాని రేకునుగాని సుత్తితో దిగగొడతారు. అప్పుడు బీదరు కోటలోని పాత మట్టిని నవసాగరంతో కలిపి మరిగించి, వస్తువును అందులో ముంచుతారు. లోహం కారునలుపు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. ఆ మట్టి పనికివస్తుందో లేదో పనివారు నాలుకకు రాసుకుని రుచి చూసి చెబుతారు.

ఈ పని నేటికీ బీదరులో సాగుతున్నది. అక్కడి పనివాడైన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. జహీరాబాద్ నుంచి గంట ప్రయాణం. ముందు బీదరులో పని జరిగే తీరు చూసి, ఆ తరువాత మ్యూజియంలో పాత వస్తువులు చూస్తే ఒక్కొక్క తీగ వెనుక ఎంత ఓపిక ఉన్నదో తెలుస్తుంది.

ఎవరి పని వారికి

వడ్రంగం తెలిసినవారు జంట కొయ్యబొమ్మ ముందు కాసేపు ఆగాలి. ఒకే మొద్దులో ముందువైపు తలెగరేసిన మగవాడు, వెనుకవైపు తల వంచిన ఆడమనిషి. వెనుక అద్దం పెట్టారు గనుక రెండూ ఒకేసారి కనబడతాయి. మగ్గం నేసేవారికి జరీబట్టలు, కలంకారీ ఉన్నాయి. జేడ్ అనే పచ్చరాతి సామాను మరొక విశేషం. ఆ గట్టి రాయి ఉలికి లొంగదు. పొడితో అరగదీసి, అరగదీసి రూపం తేవాలి. జహంగీరు, నూర్జహాను పేర్లతో చెప్పే రత్నాల కత్తులు అక్కడే ఉన్నాయి. పాదుషాల పేర్లు చీటీల మీద ఉన్నాయి. చేసినవారి పేర్లు మాత్రం చాలా వస్తువులకు లేవు.

అటక మీది సామాను

ఇటువంటిది మా ఇంట్లో కూడా ఉండేదే అనే మాట ఆ గదుల్లో తరచు వినబడుతుంది. ఉండేది, నిజమే. ఇప్పుడు లేదు. పాత సామాను కొనేవాడు ఊళ్ళోకి వస్తే అమ్మమ్మల నాటి ఇత్తడి గుండిగలు, రాగి చెంబులు, పాన్‌దాన్‌లు కిలోల లెక్కన తూకానికి పోతున్నాయి. వాటికి బదులు స్టీలు గిన్నెలో, ప్లాస్టిక్ బకెట్లో వస్తున్నాయి. అవసరానికి అమ్ముకునేవారిని తప్పు పట్టడానికి లేదు. కాని తక్కెడలో లోహమే తూగుతుంది, పనితనం తూగదు. సాలార్‌జంగ్ సామాను కూడా 1949లో తలోదారి పట్టవలసినదే. నలుగురు పూనుకున్నారు గనుక నిలిచింది. అమ్మేముందు ఒకసారి తోమి, వెలుతురులో పెట్టి చూసుకుంటే ఉంచవలసినదేదో, ఇవ్వవలసినదేదో తెలుస్తుంది.

ఇమ్లీబన్ బస్‌స్టాండు నుంచి మ్యూజియానికి నడిచే వెళ్ళవచ్చు. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు తెరచి ఉంటుంది. శుక్రవారం సెలవు. ఆస్పత్రి పని మీదనో, కోర్టు పని మీదనో పట్నం వెళ్ళేవారు సగం రోజైనా దీనికి కేటాయించుకుంటే మేలు. పదకొండుకు ముందే చేరి బిద్రీ సామాను చూసుకోండి. గడియారం దెబ్బలకు ఎలాగూ పన్నెండు దాకా సమయం ఉంటుంది.