ఆయిల్ ఫిల్టరు: బిగిసినదెల్లా తగినది కాదు

కాఫీ ఫిల్టరు చిల్లులు పెద్దవైతే పొడి డికాషనులోకి దిగుతుంది. మరీ సన్ననివైతే డికాషనే దిగదు. మోటారుకారులోని ఆయిల్ ఫిల్టరుకు కూడా ఇదే సమస్య. అయితే కాఫీ చెడితే మరల కాచుకోవచ్చు. ఇంజను చెడితే పాత కారు వెలనంతా దానికే ధారపోయవలసి రావచ్చు. చదువుకో, ఉద్యోగానికో అమెరికా వచ్చిన తెలుగువారిలో పలువురికి తొలి వాహనం పాత కొరోలా లేదా సివిక్. కొద్ది డాలర్ల వస్తువే కదా అని అంగడిలో చేతికందిన ఫిల్టరును తెచ్చి బిగించే ముందు, దాని నిర్మాణాన్ని కొంత తెలుసుకొనడం మంచిది.

ఇంజనులో తిరిగే ఇరుసులకు, వాటిని మోసే బేరింగులకు మధ్య పలుచని చమురు పొర ఉంటుంది. మసి, లోహపు రజను, ధూళి ఆ పొరలో చేరితే రాపిడి పెరిగి లోహం అరిగిపోతుంది. తొలినాటి కార్లలో ఈ మలినాలను ఆపడానికి జల్లెడ వంటిది తప్ప వేరే సాధనం లేదు. 1923లో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ రూపొందించిన ‘ప్యూరొలేటర్’ ఆ కొరతను తీర్చింది.

నేటి డబ్బా ఫిల్టరు అడుగున, అంచు చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల ద్వారా చమురు లోనికి వెళ్లి, మడతలు పెట్టిన కాగితం గుండా వడిసి, నడుమనున్న పెద్ద రంధ్రం ద్వారా ఇంజనుకు చేరుతుంది. ఇంజను ఆగినప్పుడు చమురు వెనుకకు జారిపోకుండా అనేక ఫిల్టర్లలో ఒక రబ్బరు కవాటం కాపలా కాస్తుంది. అది పనిచేయకపోతే, మరునాటి ఉదయం ఇంజను కదిలిన తొలిక్షణాలలో బేరింగులకు చమురు ఆలస్యంగా అందుతుంది. మరొకటి బైపాస్ కవాటం. కాగితం పూడుకుపోయినా, చలికి చమురు చిక్కబడినా అది తెరుచుకొని చమురును నేరుగా పంపుతుంది. వడకట్టని చమురైనా, అసలు చమురే లేకపోవడం కంటె మేలు కదా! ఏ ఒత్తిడి వద్ద అది తెరుచుకోవాలన్నది ఇంజను నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. కొన్ని ఇంజనులలో ఈ కవాటం ఇంజనులోనే అమరి ఉంటుంది. పై డబ్బాను చూసి ఈ భేదాలను కనిపెట్టడం అసాధ్యం.

అన్నిటికంటె ప్రమాదకరమైనది మరచుట్ల పొరపాటు. 1998-2008 నాటి కొరోలా ఫిల్టరు మర వ్యాసం 3/4 అంగుళం, అనగా 19.05 మిల్లీమీటర్లు, అంగుళానికి 16 చుట్లు. అదే కాలపు సివిక్ ఫిల్టరు మర వ్యాసం 20 మిల్లీమీటర్లు. చుట్టుకు చుట్టుకు నడుమ దూరం 1.5 మిల్లీమీటర్లు. కొరోలా లెక్కను మిల్లీమీటర్లలోకి మార్చితే ఆ దూరం సుమారు 1.59. ఈ స్వల్పభేదం కంటికి కనపడదు. సివిక్ ఫిల్టరును కొరోలాకు తగిలిస్తే అది వదులుగా ఎక్కి, బిగిసినట్లే భ్రమ కలిగించవచ్చు. కాని చమురు ఒత్తిడికి ఆ పట్టు సడలిందంటే, రహదారి మీదనే ఇంజను చమురంతా కారిపోతుంది. చమురు లేని ఇంజను నిమిషాలలో పాడైపోగలదు.

కారు పేరొక్కటి తెలిస్తే చాలదు. 2009 నుంచి దాదాపు దశాబ్దం పాటు వచ్చిన 1.8 లీటర్ల కొరోలాలో డబ్బాయే లేదు. ఇంజనుకున్న మూతలో కాగితపు వడపోతను మాత్రమే మార్చాలి, దానితోపాటు మూతకున్న రబ్బరు వలయాన్ని కూడా. కనుక తయారైన సంవత్సరం, ఇంజను పరిమాణం చూసి, యజమాని పుస్తకంలోని సంఖ్యను ఫిల్టరు సంస్థ పట్టికతో సరిపోల్చుకొనడమే శ్రేయస్కరం.

కారు సంస్థ ఫిల్టరునే వాడకపోతే వారంటీ పోతుందన్న భయం అనవసరం. ఫిల్టరును ఉచితంగా ఇస్తే తప్ప అటువంటి షరతు విధించడాన్ని అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం సాధారణంగా అనుమతించదు. అయితే ఫిల్టరు లోపం వల్లనే ఇంజను చెడిందని రుజువైతే ఆ నష్టం వారంటీలోకి రాదు. అందుచేత ఇతర సంస్థల సరుకు కొన్నా, అది ఆ ఇంజనుకే ఉద్దేశించినదై ఉండాలి.

ఇక డబ్బా ఫిల్టరును బిగించేటప్పుడు, పాత రబ్బరు వలయం ఇంజనుకు అంటుకొని మిగిలిందేమో తడిమి చూడాలి. ఒకదానిపై ఒకటి పడితే చమురు కారడం ఖాయం. కొత్త వలయానికి కాస్త చమురు రాసి, అది ఇంజనును తాకిన తరువాత పెట్టె మీద సూచించినంత మేరకే, సామాన్యంగా ముప్పాతిక చుట్టు, చేతితోనే తిప్పాలి. పిదప ఇంజనును ఒక నిమిషం నడిపి క్రింద చమురు చుక్కలున్నవేమో చూడాలి. ఆపిన తరువాత కొద్దిసేపటికి చమురు మట్టాన్ని కూడా పరీక్షించాలి. ఆ కాసేపటి ఓపిక, పట్టికలో సంఖ్య వెదకిన శ్రమ కలిసి ఇంజను ఆయుష్షును కాపాడుతాయి.