పేరు మారకుండా చిరునామా మార్చే సాధనం: హోస్ట్స్ ఫైలు నుంచి బ్రౌజరు దాకా

వెబ్‌సైటును మనిషి పేరుతో గుర్తుంచుకుంటాడు గాని, కంప్యూటరుకు కావలసింది ఆ సైటు కొలువున్న సర్వరు సంఖ్య, అంటే ఐపీ చిరునామా. పేరు టైపు చేసిన ప్రతిసారీ దానికి తగిన సంఖ్యను వెతికి తెచ్చే పని నేడు డీఎన్‌ఎస్ అనే ప్రపంచవ్యాప్త వ్యవస్థది. పేరు నిలిచి ఉండగానే చిరునామా మారవచ్చుననడానికి దౌల్తాబాద్ చక్కని ఉదాహరణ: 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ మండలం మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన వికారాబాద్ జిల్లాలోకి వచ్చింది, ఊరి పేరు అదే, కవరు మీద రాసే జిల్లా వేరు. సైటును పాత సర్వరు నుంచి కొత్తదానికి తరలించేటప్పుడూ ఇటువంటి మార్పే జరుగుతుంది. అయితే అందరూ పాత సర్వరునే వాడుతుండగా, పరీక్షించేవారి కంప్యూటరు మాత్రం అదే పేరుతో ముందుగానే కొత్త సర్వరును చేరాలి. ఆ వీలు కల్పించే హోస్ట్స్ ఫైలు డీఎన్‌ఎస్ కంటే పాతది.

1970ల నాటి ఆర్పానెట్ అనే నెట్‌వర్క్‌లో కంప్యూటర్లు కొద్దిగానే ఉండేవి గనుక, వాటి పేర్లనూ చిరునామాలనూ ఒకే పట్టికలో నమోదు చేస్తే సరిపోయేది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫీన్‌లర్ సారథ్యంలోని సమాచార కేంద్రం ఆ పట్టికను నిర్వహించేది. కొత్త కంప్యూటరు చేరినప్పుడల్లా కేంద్రం దాన్ని సవరించేది, మిగిలినవారు సవరించిన ప్రతిని తమ యంత్రాల్లోకి దించుకునేవారు. నెట్‌వర్క్ పెరిగేకొద్దీ పట్టిక పొడవూ, దించుకునేవారి సంఖ్యా పెరిగి, ఒకచోట చేసిన సవరణ అందరికీ చేరేలోపే పాతబడసాగింది. దీనికి పరిష్కారంగా పాల్ మొకాపెట్రిస్ 1983లో డీఎన్‌ఎస్‌ను రూపొందించి, ఏ డొమైను వివరాల బాధ్యతను ఆ డొమైను నిర్వాహకులకే అప్పగించాడు. అయినా పాత పట్టిక కనుమరుగు కాలేదు. అదే ఏడాది వెలువడిన బర్క్‌లీ యూనిక్స్ 4.2లో ఈటీసీ అనే ఫోల్డరులో హోస్ట్స్ అనే ఫైలుగా అది నిలిచింది. నేటి విండోస్‌లోనూ అదే పేరుతో ఉంది. ఆపరేటింగ్ సిస్టం సాధారణంగా ముందు ఈ ఫైలును చూసి, పేరు అందులో లేకపోతేనే డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది. అందుచేత 203.0.113.10 వంటి చిరునామా, ఒక ఖాళీ, ఆపైన సైటు పేరు ఉన్న ఒక్క వరుస చేరిస్తే చాలు, ఆ కంప్యూటరు వరకు ఆ పేరు కొత్త సర్వరుకే దారితీస్తుంది.

కొత్త సర్వరు సంఖ్యనే బ్రౌజరులో నేరుగా టైపు చేస్తే పని జరగకపోవడానికి కారణాలున్నాయి. ఒకే సర్వరు మీద ఎన్నో సైట్లు ఉండవచ్చు. వాటిలో ఏది కావాలో తెలిపేందుకు బ్రౌజరు తన అభ్యర్థనతోపాటు సైటు పేరును కూడా పంపాలని 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1 నియమం విధించింది. లాగిన్‌ను గుర్తుంచుకునే కుకీలు పేరుకే కట్టుబడి ఉంటాయి. సురక్షిత అనుసంధానానికి ఆధారమైన సర్టిఫికెట్లు కూడా సాధారణంగా పేరు మీదే జారీ అవుతాయి. కాబట్టి అసలు పేరుతో జరిపిన పరీక్షే నమ్మదగిన పరీక్ష.

హోస్ట్స్ ఫైలుకు రెండు ఇబ్బందులున్నాయి: దాన్ని మార్చడానికి అడ్మినిస్ట్రేటరు హక్కు కావాలి, మార్పు ఆ కంప్యూటరులోని ప్రోగ్రాములన్నింటికీ వర్తిస్తుంది. అందువల్ల డెవలపర్లు ఈ సౌకర్యాన్ని బ్రౌజరులోకే తేవాలనుకున్నారు. ఫైర్‌ఫాక్స్ పాత తరహా యాడాన్లు బ్రౌజరు లోపలి భాగాలను సైతం తాకగలిగేవి. 2017 నవంబరులో వచ్చిన 57వ వెర్షన్‌తో ఆ దారి మూసుకుపోయింది. కొత్త పద్ధతిలో యాడాన్ ఒక పేరుకు చిరునామా ఏమిటో అడిగి తెలుసుకోగలదు గాని, దాన్ని మార్చలేదు. క్రోమ్ ఎక్స్‌టెన్షన్లలో కొన్ని కొత్త సర్వరునే ప్రాక్సీగా, అంటే మధ్యవర్తిగా, చూపి పని జరిపించుకుంటాయి. సురక్షిత సైట్ల విషయంలో బ్రౌజరు ముందుగా మధ్యవర్తిని సొరంగం వంటి దారి తెరవమని కోరుతుంది, మామూలు వెబ్ సర్వరుకు ఆ కోరిక తీర్చడం తెలియదు గనుక ఈ ఉపాయం అక్కడ చెల్లదు. క్రోమ్‌ను ప్రారంభించేటప్పుడే హోస్ట్ రిజాల్వర్ రూల్స్ అనే ఆదేశంతో పేరుకు చిరునామా నిర్దేశించడం అంతకంటే మేలైన మార్గం. అలా చేస్తే పేరూ, సర్టిఫికెట్ తనిఖీ యథాతథంగా ఉండి, చేరే సర్వరు ఒక్కటే మారుతుంది.

తెలుగు డొమైన్ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. దౌల్తాబాద్.భారత్ వంటి పేరును బ్రౌజరు ముందుగా పునీకోడ్ అనే పద్ధతిలో ఆంగ్లాక్షరాల గొలుసుగా మార్చి, ఆ రూపంతోనే చిరునామా వెతుకుతుంది. అందుకే హోస్ట్స్ ఫైలులో పేరును తెలుగు లిపిలో కాక పునీకోడ్ రూపంలో రాయాలి.

పరీక్ష కోసం పేర్లను కల్పించుకునేవారు డాట్ టెస్ట్ ముగింపునే వాడాలి. దాన్ని 1999లోనే ఇందుకు ప్రత్యేకించారు. సొంత కంప్యూటర్లలో డాట్ డెవ్ పేర్లు పెట్టుకున్నవారికి, 2017 డిసెంబరులో క్రోమ్ 63 ఆ పేర్లన్నింటికీ సురక్షిత అనుసంధానాన్ని తప్పనిసరి చేయడంతో సైట్లు తెరుచుకోలేదు. పరీక్ష ముగియగానే హోస్ట్స్ ఫైలులో చేర్చిన వరుసను తొలగించడం అంతకంటే ముఖ్యం. మరచిపోతే, తర్వాత సర్వరు మారినప్పుడు లోకమంతటికీ కనిపించే సైటు ఆ ఒక్క కంప్యూటరుకే కనిపించకుండా పోతుంది.